అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్‌కి విండోసా, లినక్సా అని అడిగింది నేనే

మొన్న అడిగింది ఇదీ: 2016లో కొన్న ల్యాప్‌టాప్, ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10 తెరుచుకోవడానికే ఐదారు నిమిషాలు, విండోస్ 11కి ఈ ప్రాసెసర్ పనికిరాదు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయమంటారా, కొత్తది కొనమంటారా అని. సలహాలిచ్చిన అన్నలందరికీ థాంక్స్.

ముందు పెన్‌డ్రైవ్ నుంచే మింట్ (లినక్స్‌లో ఒక రకం) నడిపి చూడమన్నారు ఒకరు, దాంతోనే గుట్టు బయటపడింది. బ్రౌజర్, వీడియోలు అన్నీ బాగానే నడిచాయి గానీ, హార్డ్‌డిస్క్‌లో ఫొటోల ఫోల్డర్ తెరవగానే టిక్ టిక్ మని చప్పుడు, మొత్తం బిగుసుకుపోయింది. కడప ఏడు రోడ్ల దగ్గర రిపేరు షాపులో చూపిస్తే డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు (చదవడానికి రాని పాడైన చోట్లు) పడ్డాయన్నాడు. అంటే తప్పు విండోస్‌ది కాదు, నేను ఏడాదిగా దాన్ని ఊరికే తిట్టుకున్నా!

ఫొటోలు దక్కినంత వరకు కాపీ చేయించి, పాత డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్), ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించా. ఇప్పుడు మింట్ అర నిమిషంలోపే వస్తోంది, ప్రింటర్ తనంతట తానే దొరికింది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంది.

ఒక్కటే చిక్కు. నాన్న పెళ్లిపత్రికలు ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో చేస్తాడు, అవి విండోస్‌లోనే. అందుకే విండోస్ 10 కూడా పక్కన ఉంచా, 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) ఆగిపోయింది కాబట్టి నెట్ కలపకుండా వాడుతున్నాడు.

లినక్స్‌లో ఉబుంటు రకమా, మింటా అని మీరు పెట్టుకున్న గొడవ, వైరస్ అనుమానం, రెండూ నా విషయంలో అక్కరకు రాలేదు.