చిన్న ద్వీప దేశాలతో భద్రతా ఒప్పందాలు: గస్తీ ఓడలా, మంచినీళ్లా?

ప్రశ్న (గోపాల్‌పూర్ నుంచి):
2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా తీరాన్ని తాకడానికి ముందే లక్షల మందిని లోపలి ఊళ్లకు, తుఫాను ఆశ్రయాలకు తరలించారు. సముద్రమట్టానికి సగటున మీటరున్నర ఎత్తులో ఉన్న మాల్దీవులకు వెనక్కి జరగడానికి నేలే లేదు. అలాంటి దేశాలతో పెద్ద దేశాలు కుదుర్చుకునే ఒప్పందాలలో ఈ కష్టానికి తగిన చోటు దక్కుతోందా?

జవాబు (బరంపురం నుంచి):
గస్తీనీ, ఇలాంటి కష్టంలో సాయాన్నీ విడదీయనక్కరలేదండీ. 2014 డిసెంబరులో మాల్దీవుల రాజధాని మాలేలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కేంద్రం అగ్నిప్రమాదంలో దెబ్బతిని నగరమంతా దాహంతో అల్లాడినప్పుడు, విమానాలతో పాటు నీళ్లు మోసుకెళ్లిన ఐఎన్‌ఎస్ సుకన్య భారత నౌకాదళ గస్తీ నౌకే. అది అక్కడే లంగరు వేసి, తన యంత్రాలతో మంచినీరు తయారు చేసి ఇచ్చింది.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
సాయం సరే, షరతుల మాటేమిటి? వాతావరణ మార్పే తమకు అన్నిటికన్నా పెద్ద ముప్పని పసిఫిక్ ద్వీప దేశాలు 2018లో బోయె ప్రకటనలో తేల్చిచెప్పాయి. 2023లో సంతకమైన ఫలెపిలి ఒప్పందం ప్రకారం ఆస్ట్రేలియా ఏటా పసిఫిక్ ద్వీప దేశమైన తువాలు పౌరులకు 280 మంది వరకు నివాసావకాశం ఇస్తుంది. అందుకు ప్రతిగా తువాలు మరే దేశంతో రక్షణ ఒప్పందం చేసుకోవాలన్నా ఆస్ట్రేలియా సమ్మతి కావాలి. పదకొండు వేల మంది ఉన్న దేశానికి అది చాలా పెద్ద మూల్యమని నా అభిప్రాయం.

జవాబు (గజపతి జిల్లా నుంచి):
2018లో తిత్లీ తుఫాను వేళ మా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఎక్కడ ముప్పుందో అక్కడివాళ్లకే బాగా తెలుసు కనుక, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ భాగస్వామిగా మొదలైన ద్వీప దేశాల మౌలిక వసతుల కార్యక్రమంలో పనుల ఎంపిక ఆ దేశాల చేతిలోనే ఉండాలి.