‘ఉపతుపాను’ను కొట్టేయడం సబబేనా?

ప్రశ్న:
పిల్లల మాసపత్రిక కోసం శున్-ఇచి అకాసోఫు గురించి ఒక వ్యాసం రాశాను. ఆయన జపానులో పుట్టి, 1958లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ చేరి, 2007లో విరమించేదాకా అక్కడే అరోరాను, అంటే భూమి కొసల వైపు రాత్రి ఆకాశంలో కదలాడే రంగుల వెలుగును, పరిశోధించిన భౌతికశాస్త్రవేత్త. అరోరాకు ‘ధ్రువజ్యోతి’ అనీ, ఆయనకు పేరు తెచ్చిన ‘సబ్‌స్టార్మ్’కు (ఆ వెలుగు ఉన్నట్టుండి విజృంభించి, కాసేపటికి సద్దుమణగడం) ‘ఉపతుపాను’ అనీ రాశాను. సంపాదకులు మొదటి మాటను మెచ్చుకున్నారు, రెండోది పిల్లలకు కొరుకుడు పడదని కొట్టేశారు. పెద్దలు ఏమంటారు?

జవాబు:
నన్నడిగితే ఎర్ర సిరా పడవలసింది మొదటి మాట మీద. ‘ధ్రువజ్యోతి’ చెవికి ఇంపుగానే ఉంటుంది, కాదనను. కానీ మనకు ధ్రువం అంటే కదలనిది. పెళ్లిలో అరుంధతితో పాటు ధ్రువుణ్ణి చూపించినా, ధ్రువపత్రం పుచ్చుకున్నా, వార్తను ధ్రువీకరించినా అర్థం స్థిరత్వమే. జ్యోతి అన్నా నిలకడగా వెలిగే దీపమే మనసులో మెదులుతుంది. ఇంత నిలకడ కూర్చి కట్టిన సమాసాన్ని తీసుకెళ్లి, కుదురన్నది ఎరగని వెలుగుకు తగిలించాం.

పోనీ, ధ్రువం దగ్గర ఉంటుంది కనుక ఆ పేరు అందామా? అదీ పూర్తిగా నిజం కాదు. అరోరా భూమి అయస్కాంత ధ్రువం చుట్టూ కోడిగుడ్డు ఆకారపు వలయంగా ఉంటుంది. అర్ధరాత్రి వైపు సుమారు 67 డిగ్రీల అయస్కాంత అక్షాంశం (అయస్కాంత ధ్రువాన్ని బట్టి లెక్కించే అక్షాంశం) దాకా దిగుతుంది, మధ్యాహ్నం వైపు సుమారు 76 దగ్గరే ఆగిపోతుంది. సరిగ్గా ధ్రువం మీద నిలబడినవారికంటే ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉన్నవారికే అది ఎక్కువగా దర్శనమిస్తుంది. ఈ వలయం సంగతి 1960ల మొదట్లో తేల్చి చెప్పినవారు సోవియట్ శాస్త్రవేత్త ఫెల్డ్‌స్టైన్. చాలామంది పెదవి విరిచినప్పుడు ఆయనను వెనకేసుకొచ్చినవారిలో అకాసోఫు ఒకరు.

ఇక కొట్టేసిన మాట. అకాసోఫు గురువు సిడ్నీ చాప్‌మన్, అయస్కాంత తుపానుల మీద, అంటే సూర్యుడి ప్రభావంతో భూమి అయస్కాంత క్షేత్రంలో రేగే అలజడుల మీద, దశాబ్దాలు పనిచేసిన గణితవేత్త. పెద్ద తుపాను అంటే వరుసగా వచ్చే చిన్న విజృంభణల మొత్తమేనని గురుశిష్యుల ఊహ. ‘సబ్’ అన్న ఉపసర్గ అక్కడినుంచే వచ్చింది. మన ఉపనది వంటిదే, పెద్దదానిలో కలవడానికే పుట్టినది. తీరా చూస్తే పెద్ద తుపాను జాడ లేని రాత్రుల్లో కూడా సబ్‌స్టార్మ్‌లు వస్తూనే ఉంటాయి. ఏ నదిలోనూ కలవని ఉపనది అన్నమాట! పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి ‘ఉపతుపాను’లో దోషమేదైనా ఉంటే అది మూలంలోనిదే, మీది కాదు.

వ్యాఖ్య:
ముందు వర్ణక్రమం చూసుకుందాం. చాలాచోట్ల ‘ధృవ’ అని కనిపిస్తోంది. అక్కడ ఉండవలసింది వట్రసుడి కాదు, క్రారవడి. ధ్రువ. రెండోది, మాట సంస్కృతమే కావాలనుకుంటే ‘ఉత్తరోషస్సు’ అనవచ్చు కదా? ‘అరోరా’ అంటే రోమన్ల ఉషోదేవత. లాటిను అరోరా, మన ఉషస్సు ఒకే పూర్వరూపం నుంచి వచ్చాయంటారు భాషాశాస్త్రజ్ఞులు. మేనత్త కూతురు ఇంట్లోనే ఉండగా వేరే సంబంధాలు చూడడం దేనికి?

వ్యాఖ్య:
మేం డాలస్‌లో ఉంటాం. 2024 మే 10 రాత్రి ఉత్తరపు అంచున ఎర్రగా వచ్చింది. కంటికి లీలగా, ఫోను కెమెరాలో స్పష్టంగా. నిజంగానే తెల్లవారుతున్నట్టు ఉంది. ‘ఉషస్సు’కే నా ఓటు.

జవాబు:
మీకు అలా ఎందుకు కనిపించిందో అందులోనే చిక్కుంది. ఆకుపచ్చ వెలుగు 557.7 నానోమీటర్లది, ఎక్కువగా 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు ఇచ్చేది. ఎరుపు కూడా ఆక్సిజన్‌దే, 630 నానోమీటర్లు. కానీ ఆ ఎరుపు వెలువడాలంటే ఉత్తేజితమైన పరమాణువు దాదాపు రెండు నిమిషాలు దేనినీ ఢీకొనకుండా ఉండాలి. కింద గాలి చిక్కన, ఆ లోపు ఏదో ఒకటి వచ్చి తగులుతుంది. 200 కిలోమీటర్లు దాటితేనే అంత తెరిపి దొరుకుతుంది. దూరాన దక్షిణంలో ఉన్నవారికి ఆకుపచ్చ భాగం దిగంతం కింద మునిగిపోయి, పై ఎరుపు మాత్రమే తల ఎత్తుతుంది. అదే రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో తీసిన ఫొటోలలోనూ ఎరుపే. ‘ఉషస్సు’ దూరం నుంచి చూసినవారు పెట్టుకున్న పేరు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో అది నడినెత్తిన ఆడుతుంది, అక్కడ దానిని చూసి తెల్లవారిందని ఎవరూ అనుకోరు.

పైగా అకాసోఫు చేసిన పనంతా చూసేవాడి చోటు తెచ్చిపెట్టే భ్రమను దాటడమే. 1957 జూలై నుంచి 1958 డిసెంబరు దాకా జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో అలాస్కా, కెనడా, సైబీరియాలలో కెమెరాలు పెట్టారు. ఉబ్బెత్తు అద్దంలో ఆకాశం మొత్తం గుండ్రంగా పడుతుంటే, నిమిషానికో ఫొటో. అప్పటిదాకా ఉన్న నమ్మకం ఇది: సాయంత్రం వైపు ప్రశాంతమైన చాపాలు (విల్లులా వంగిన వెలుగు పట్టీలు), అర్ధరాత్రి కలకలం, తెల్లవారుజామున చెదిరిన మరకలు, ఈ అమరిక మారదు, భూమితో పాటు మనమే దాని కింద తిరుగుతాం. అకాసోఫు ఒకే నిమిషానికి వేర్వేరు చోట్ల పడిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూశారు. వెలుగులో మార్పు అందరికీ ఒకేసారి వస్తోంది! అమరికే మారుతోంది. అర్ధరాత్రి దగ్గర అన్నిటికంటే దక్షిణాన ఉన్న చాపం ఒక్కసారిగా ప్రకాశిస్తుంది, ఉత్తరానికి ఎగబాకుతుంది, ఒక మడత పడమటికి పరుగెడుతుంది, గంటా రెండు గంటల్లో అంతా సద్దుమణుగుతుంది. ఈ సంగతి చెప్పిన 1964 నాటి వ్యాసం వయసు ముప్పై నాలుగు నిండని మనిషిది. వలయం మొత్తాన్ని పైనుంచి చూపే ఉపగ్రహ చిత్రాలు ఆ తరువాత వచ్చాయి.

‘ఉపతుపాను’ కొరుకుడు పడదంటే పిల్లలకు ‘పోటు’ అనండి. ఆటుపోట్లలోని పోటు. ఎగసి, తగ్గి, మళ్లీ వస్తుంది కదా.

వ్యాఖ్య:
‘కాంతిపోటు’ అంటే మా వాళ్లకు పంటిపోటు, వెన్నుపోటు గుర్తొస్తాయండీ!

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్కారం. ‘అరోరా’ను అరోరాగానే ఉంచి, ‘ఉపతుపాను’ను నిలబెట్టి, పక్కన ఒక వాక్యంలో వివరించాను. సంపాదకులు ఒప్పుకున్నారు. పడమటికి పరుగెత్తే ఆ మడతకు ‘ఉప్పెన’ అని రాశాను. బాగుందా?

జవాబు:
ఉప్పెన వద్దు. 1977 దివిసీమ తరువాత ఆ మాట మనకు చావుల లెక్కతోనే వినిపిస్తుంది. ‘పొంగు’ అనండి.