స్ట్రైక్ పడాలంటే ముందు టార్గెట్టా, ముందు ఫారమా?

స్కోర్‌బుక్: బేస్‌బాల్‌లో పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) మొదలుపెట్టిన పిల్లల చేత మొదటి రోజు నుంచే గురిపెట్టి వేయించాలా, లేక అడుగూ చెయ్యీ కుదిరేదాకా, అంటే ఫారమ్ వచ్చేదాకా, ఊరికే నెట్‌లోకి వేయించాలా? నా ఓటు గురికే. రెండు గుంజలు పాతి, ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీద ఉండే పలక) వెడల్పున అంటే 43 సెం.మీ. ఎడంతో రెండు నిలువు దారాలు, మోకాలి దగ్గరొకటి, ఛాతీ మధ్యన ఒకటి అడ్డదారాలు కట్టండి. ఆ చట్రంలోంచి పోయిన బంతే స్ట్రైక్. డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు వెరో బీచ్ శిబిరంలో దాని అప్పటి అధ్యక్షుడు బ్రాంచ్ రిక్కీ కట్టించింది ఇలాంటిదే. బంతి ఎటు పోయిందో పిల్లాడికే కనబడుతుంది, కోచ్ అరవక్కర్లేదు.

రిలీజ్‌పాయింట్: దారాలు బంతి ఎటు పోయిందో చెప్తాయి, ఎందుకు పోయిందో చెప్పవు కదండీ. పెద్దల బేస్‌బాల్‌లో రబ్బరు (పిచర్ కాలు ఆనించే పలక) నుంచి ప్లేట్‌కి 18.44 మీ. ముందుకు అడుగేసి వదిలేసరికి మిగిలేది సుమారు 16.8 మీ. అంత దూరాన 1 డిగ్రీ తేడా వస్తే బంతి 29 సెం.మీ. పక్కకి పోతుంది. ప్లేట్‌లో సగం 21.6 మాత్రమే. నడిమికి వేసిన బంతి అంచుకి కూడా తగలదన్నమాట. ఆ డిగ్రీని కళ్లతో దిద్దుకోలేం. దిద్దబోయినవాడు చెయ్యి నెమ్మది చేసి, బంతిని విసరడం మాని తోస్తాడు.

అడుగు చూడండి. రబ్బరు నుంచి ప్లేట్ వైపు సుద్దతో గీత గీసి పది బంతులు వేయించి, ముందుకాలి జాడలు చూస్తే చాలు. కుడిచేతివాడి కాలు గీతకి ఎడమ పక్కన బాగా దూరంగా పడితే ఛాతీ ముందే తెరుచుకుంటుంది, చెయ్యి వెనకబడుతుంది, బంతి పైకీ కుడికీ లేస్తుంది. కుడి పక్కకి పడితే ఒంటికి అడ్డంగా విసరాల్సొస్తుంది.

విండ్‌మిల్: సాఫ్ట్‌బాల్ వాళ్లు ఇది చదివి పొరబడకండి, మాకు రిలీజ్ (బంతి వదిలే క్షణం) తిరగబడుతుంది. పైచేతి విసురులో ఆలస్యంగా వదిలితే బంతి నేలకి కొడుతుంది. విండ్‌మిల్‌లో, అంటే చెయ్యి గుండ్రంగా తిప్పి వేసే మా పద్ధతిలో, చెయ్యి కిందినుంచి పైకి వస్తుంది కాబట్టి ఆలస్యమైతే పైకి పోతుంది, తొందరపడితే కింద పడుతుంది. ముంజేయి తుంటిని ఒరుసుకునే చోటే మాకు గుర్తు. అమ్మాయి నడుం ముందుకి వంచిందంటే ఆ ఒరిపిడి తప్పుతుంది, చెయ్యి తుంటిని తప్పించుకుంటూ తిరుగుతుంది. అప్పుడు దారాలు కట్టినా ఒకటే, గోడ కట్టినా ఒకటే.

స్కోర్‌బుక్: ఒప్పుకుంటాను. కానీ ఏ తప్పు దిద్దాలో తేల్చేది గురే. 20 బంతులు వేయించి, తప్పిన ప్రతిదాన్నీ కాగితం మీద చుక్క పెట్టండి. చుక్కలన్నీ ఒకే మూల గుంపుగా ఉంటే ఫారమ్ నిలకడగానే ఉన్నట్టు, అడుగు దిశ సరిచేస్తే చాలు. చెల్లాచెదురైతే టైమింగ్ కుదరలేదు. అక్కడ మాత్రం మీ నెట్ మాట వింటాను.

రిలీజ్‌పాయింట్: ఆ కాగితం బాగుంది.

మిట్‌వెనకాల: ఇద్దరూ వదిలేసిన సంగతొకటి. గురి కుదరడం లేదని పిల్లల్ని ప్లేట్ దగ్గరికి జరిపేస్తుంటారు. గంటకు 130 కి.మీ. బంతి 16.8 మీ. వెళ్లేలోపు, స్పిన్, గాలి పక్కన పెడితే, మీటరు పైచిలుకు దిగుతుంది. 11 మీటర్లకి అరమీటరు కూడా దిగదు. దగ్గర నుంచి పట్టుబడిన వదిలే కోణం అసలు దూరంలో పనికిరాదు.

విండ్‌మిల్: చెయ్యి తిరిగే దారి నేర్పడానికి దగ్గర నుంచి వేయిస్తే తప్పేం లేదు. స్ట్రైకులు లెక్కపెట్టడం అక్కడ మొదలెట్టకూడదు, అంతే.

మిట్‌వెనకాల: సరే, అలాగైతే పేచీ లేదు. స్కోర్‌బుక్ గారూ, ఆ 20 బంతుల్నీ ఆ రోజు లెక్కలోనే వేయండి. లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్ పోటీల్లో) 11, 12 ఏళ్లవాళ్లకి మ్యాచ్ రోజున హద్దు 85 బంతులు. చివర్లో చెయ్యి అలిసి పెట్టిన చుక్కలు చూసి ఫారమ్ మార్చొద్దు.