'డాక్టర్ హూ' కథ థాచర్ వారసత్వాన్ని సరిగ్గా పట్టుకుందా?

ప్రశ్న (పాత ధారావాహికల అభిమాని)

బీబీసీ ధారావాహిక 'డాక్టర్ హూ'లో 1988 నవంబరులో మూడు భాగాలుగా వచ్చిన 'ది హ్యాపీనెస్ పెట్రోల్' కథను ఈ వారం మళ్ళీ చూశాను. టెర్రా ఆల్ఫా అనే గ్రహాన్ని హెలెన్ ఎ అనే మహిళ పాలిస్తూ ఉంటుంది. అక్కడ దిగులుగా కనిపించడమే నేరం. దానికి శిక్ష మరణం. ఆ పాత్ర వేసిన షీలా హాంకాక్ మాటతీరులో అప్పటి బ్రిటన్ ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ స్పష్టంగా కనిపిస్తారు. ఆ పోలిక అనుకోకుండా వచ్చింది కాదని, గ్రహాల మధ్య తిరిగే కథానాయకుడు 'డాక్టర్' పాత్రధారి సిల్వెస్టర్ మెకాయ్ 2010లో చెప్పారు. పదకొండున్నర ఏళ్ళు దేశాన్ని ఏలిన నాయకురాలి వారసత్వాన్ని అర్థం చేసుకోవడానికి ఇటువంటి కథ మనకు ఏమైనా సాయపడుతుందా, లేక ఇందులో ఉన్నది ఆనాటి కోపం మాత్రమేనా? మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

మొదటి జవాబు (చరిత్ర పాఠకురాలు)

సాయపడదనే నా అభిప్రాయం. హెలెన్ ఎ నియంత. థాచర్ 1979, 1983, 1987 ఎన్నికల్లో వరుసగా మూడుసార్లు తన పార్టీని గెలిపించిన నాయకురాలు. 1978–79 చలికాలంలో సమ్మెలతో విసిగిపోయిన ఓటర్లు ఆమెను తెలిసే ఎన్నుకున్నారు. 1980 గృహ చట్టం వల్ల, స్థానిక సంస్థల ఇళ్ళలో అద్దెకుంటున్న పది లక్షలకు పైగా కుటుంబాలు ఆమె హయాంలోనే ఆ ఇళ్ళను కొనుక్కున్నాయి. ఆ ఇల్లు కొనుక్కున్న మనిషి టెర్రా ఆల్ఫాలో ఎక్కడ ఉన్నాడు? ఆమెను ఇష్టపడి ఓటు వేసిన వాడి తరఫున మాట్లాడే పాత్ర ఒక్కటైనా లేని కథ ఆమె పాలన గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

రెండో జవాబు (సైన్స్ ఫిక్షన్ వీక్షకుడు)

ఎన్నికల సంగతి నిజం. దాన్ని పక్కకు నెట్టి మాట్లాడటం సరికాదు. ఈ కథను నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ ఇష్టపడ్డాను. అయినా అది థాచర్ వారసత్వాన్ని తప్పుగా పట్టుకుందని నేనూ అంటాను. అయితే నాకు కనిపించే తప్పు మీరు చూపినది కాదు.

ముందు పక్షపాతం మాట. 1977లో, లేబర్ పార్టీ నాయకుడు జేమ్స్ కాలహన్ ప్రధానిగా ఉన్న రోజుల్లో, ఇదే ధారావాహికలో 'ది సన్ మేకర్స్' అనే కథ వచ్చింది. ప్లూటో మీద కృత్రిమ సూర్యుల వెలుగులో బతికే ఒక చిన్న ఉద్యోగి, తండ్రి చావు మీద పడిన పన్ను కట్టలేక మేడ మీంచి దూకబోవడంతో అది మొదలవుతుంది. అక్కడి ఒక నడవకు పి45 అని పేరు. బ్రిటన్‌లో ఉద్యోగం వదిలినవాడికి యజమాని ఇచ్చే పన్ను పత్రం పేరు అది. అప్పట్లో సంపాదన మీద అత్యధిక ఆదాయపు పన్ను రేటు 83 శాతం. థాచర్ ప్రభుత్వం దాన్ని 1979లో 60కి, 1988లో 40కి దించింది. 'ది సన్ మేకర్స్' చూసి తన బాధే తెరమీదికి వచ్చిందనుకున్న ప్రేక్షకుడు రెండేళ్ళ తరువాత థాచర్ పార్టీకే ఓటు వేసి ఉండవచ్చు. కాబట్టి ఈ ధారావాహిక ఒక పార్టీకి కొమ్ముకాసిందని అనలేం. ఎవరు అధికారంలో ఉన్నా, ఆ అధికారం కింద నలిగే చిన్న మనిషి వైపు నిలబడటం దానికి అలవాటు.

1988 నాటి కోపానికి కారణాలు ఉన్నాయి. 20 గనులు మూసి 20,000 ఉద్యోగాలు తీసేస్తామని జాతీయ బొగ్గు బోర్డు చెప్పిన తరువాత 1984 మార్చిలో మొదలైన గని కార్మికుల సమ్మె ఏడాది పాటు సాగి, ఏ ఒప్పందమూ కుదరకుండానే ముగిసింది. కథలో పని మానేసి వీధిలోకి వచ్చే డ్రోన్లు అనే కూలీలను చూస్తూ ఆ ఏడాదిని తలుచుకోని బ్రిటన్ ప్రేక్షకులు తక్కువే ఉండి ఉంటారు.

ఒక సన్నివేశం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇద్దరు సైనికులు ఎత్తైన చోట కూర్చుని, కింద ఉన్న జనం మీదికి తుపాకీ గురిపెట్టి ఉంటారు. డాక్టర్ తాపీగా వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, దూరం నుంచి ప్రాణం తీయడం సులువే కదా, ఇప్పుడు నా కళ్ళలోకి చూస్తూ ఆ పని చెయ్యి అంటాడు. తుపాకీ పట్టుకున్నవాడు ఆ పని చేయలేకపోతాడు. రంగురంగుల విగ్గులు, మిఠాయిలతో చేసిన మరమనిషి ఉన్న చవక సెట్ల మధ్య ఆ ఒక్క నిమిషం ఒళ్ళు గగుర్పొడిచేలా ఉంటుంది. 20,000 ఉద్యోగాలు అనే అంకె కూడా దూరం నుంచి పెట్టిన గురే. ఆ అంకె రాసినవారు ఒక్క గని ఊరి మనిషి కళ్ళలోకైనా చూసి రాశారా అని ఈ సన్నివేశం నన్ను అడుగుతున్నట్టు ఉంటుంది. ఎన్నికల్లో ఎన్నిసార్లు గెలిచినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఇక తప్పు ఎక్కడ ఉందంటే, ముగింపులో. ఒక్క రాత్రిలో ప్రభుత్వం కూలిపోతుంది. హెలెన్ ఎ భర్త జోసెఫ్ సి ఆమెను వదిలేసి, మరొకడితో కలిసి అంతరిక్ష నౌకలో పారిపోతాడు. ఆమె తన పెంపుడు జంతువు ఫీఫీ శవం మీద పడి ఏడుస్తుంది. దుఃఖాన్ని నిషేధించినామెకు దుఃఖం ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఆశ్చర్యమేమిటంటే ఇందులో సగం నిజమే అయింది. 1990 నవంబరులో పార్టీ నాయకత్వం కోసం సొంత పార్టీ ఎంపీల ఓటింగులో థాచర్‌కు 204, పోటీదారు మైకేల్ హెసెల్టైన్‌కు 152 ఓట్లు వచ్చాయి; మొదటి దఫాలోనే గెలవడానికి పార్టీ నియమాలు కోరిన ఆధిక్యానికి ఆమెకు నాలుగు ఓట్లు తక్కువయ్యాయి. మంత్రులు ఒక్కొక్కరే వచ్చి ఇక గెలవలేరని చెప్పారు. నవంబరు 28న ప్రధాని నివాసం ఉన్న డౌనింగ్ స్ట్రీట్ వదిలి వెళ్తూ కారు అద్దం వెనుక ఎర్రబడిన కళ్ళతో ఉన్న ఆమె ఫోటో నాకు హెలెన్ ఎను గుర్తు చేస్తుంది.

మిగతా సగం మాత్రం నిజం కాలేదు. హెలెన్ ఎ పోగానే టెర్రా ఆల్ఫా విముక్తమైంది. థాచర్ వెళ్ళినా బ్రిటన్ ఆమె వేసిన దారిలోనే నడిచింది. 1984లో షేర్లు అమ్మిన బ్రిటిష్ టెలికాం, 1986లో అమ్మిన బ్రిటిష్ గ్యాస్ మళ్ళీ ప్రభుత్వానికి రాలేదు. 1997లో టోనీ బ్లెయిర్‌తో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చాక కూడా ఆ 40 శాతం రేటు 2010 దాకా అలాగే ఉంది. ఆమె తెచ్చిన కార్మిక సంఘాల చట్టాల్లో ఎక్కువ భాగం కూడా మిగిలింది. గనుల మూత ఆగలేదు; చివరి లోతు బొగ్గు గని కెల్లింగ్‌లీ 2015 డిసెంబరులో మూతపడింది. ఈ కథ ఆమె ముఖాన్ని చూపించి, ఆమె మార్చిన గ్రహాన్ని చూడకుండా వదిలేసింది. మీరు అడిగిన ఇల్లు కొనుక్కున్న మనిషి కథలో ఎందుకు లేడో కూడా ఇందులోనే ఉంది: అతణ్ణి చూపిస్తే ఒక్క రాత్రి తిరుగుబాటుతో అన్నీ సర్దుకుంటాయని చెప్పడం కుదరదు.

మూడో జవాబు (చరిత్ర పాఠకురాలు)

ఈ వాదన నాకు సబబుగానే ఉంది. 'ది సన్ మేకర్స్' సంగతి నేను ఆలోచించలేదు. అయితే మరొకటి మిగిలింది. కథకు పేరు ఇచ్చిన 'హ్యాపీనెస్ పెట్రోల్', అంటే దిగులుగా కనిపించేవాళ్ళను వెతికి శిక్షించే టెర్రా ఆల్ఫా గస్తీ దళం, అంతా విగ్గులు పెట్టుకున్న ఆడవాళ్ళే. ఆడవాళ్ళ చేతికి అధికారం వస్తే ఇలా ఉంటుందన్న వెక్కిరింపు అందులో నాకు వినిపిస్తుంది. నిజానికి థాచర్ మంత్రివర్గాల్లో ఆమె కాక పనిచేసిన మహిళ బారోనెస్ యంగ్ ఒక్కరే, అదీ రెండేళ్ళలోపే. ఆ చుట్టూ ఉన్నది మగవాళ్ళ ప్రభుత్వం. ఇంకో మాట: రసాయనశాస్త్రం చదువుకున్న ఆ ప్రధాని 1989 నవంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో వాతావరణ మార్పు గురించి హెచ్చరించారు. సైన్స్ ఫిక్షన్ రాసేవారికి అంతకంటే మంచి పాత్ర ఎక్కడ దొరుకుతుంది? వాళ్ళు దాన్ని చూడలేదు.

నాలుగో జవాబు (సైన్స్ ఫిక్షన్ వీక్షకుడు)

ఐక్యరాజ్యసమితి ప్రసంగం కథ ప్రసారమైన ఏడాది తరువాతిది కాబట్టి రచయితను తప్పు పట్టలేం. ఆడవాళ్ళ దళం గురించి మీరు చెప్పింది మాత్రం ఒప్పుకుంటున్నాను. ఆ విగ్గులను నేను ఇన్నాళ్ళూ వింత అలంకరణగానే చూశాను. జోసెఫ్ సి పారిపోయే సన్నివేశం కూడా ఇప్పుడు వేరుగా కనిపిస్తోంది: పాలనలో పాలు పంచుకున్న ఇద్దరు మగవాళ్ళు నౌక ఎక్కి క్షేమంగా వెళ్ళిపోతారు, లెక్క అప్పజెప్పడానికి ఆమె ఒక్కతే వీధిలో మిగులుతుంది.