అప్‌డేట్: కోళ్లు నిపుల్ బకెట్‌కు అలవాటుపడ్డాయి

నీళ్ల బేసిన్ బదులు అడుగున నిపుల్స్ (పిన్నును పొడిస్తే నీటి చుక్క వదిలే చిన్న వాల్వులు) బిగించిన బకెట్ వేలాడదీస్తే మా ఆరు కోళ్లూ దాని వంక కూడా చూడట్లేదని అడిగాను కదా, ఇప్పుడు అన్నీ తాగుతున్నాయి.

మీరు చెప్పినట్టే బేసిన్‌ను పూర్తిగా తీసేయకుండా, పొద్దున్న గూడు తెరిచాక ఓ రెండు గంటలు దాచాను. నిపుల్ పిన్నును వేలితో తడితే చుక్క వేలాడేది. మెరిసేది కనిపిస్తే పొడవకుండా ఉండలేవుగా! మూడో రోజు నల్లపెట్ట టక్కున పొడిచింది. నీళ్లు ముక్కు మీద పడగానే అదిరిపడి వెనక్కి గెంతింది, మెడ పక్కకి వంచి చూసి మళ్లీ వచ్చింది. దాన్ని చూసి మిగతావీ నేర్చుకున్నాయి. ముసలిపెట్టకు మాత్రం వారం పట్టింది. నీళ్లు చాలకపోతే గుడ్లు తగ్గుతాయని దానికోసం సాయంత్రాలు బేసిన్ పెట్టాను.

నా తప్పూ ఒకటుంది. మూత బిర్రుగా బిగించేశాను, గాలి లోపలికి పోక కాసేపటికే చుక్క ఆగిపోయేది. పాపం, కోళ్లను తిట్టుకున్నాను! మూతకు చిన్న చిల్లు పెట్టాక సరిపోయింది. ఎత్తు కూడా మెడ కాస్త చాచి అందుకునేలా మార్చాను.

బేసిన్ ఇంకా పారేయలేదు, ఎండలు ముదిరితే అదీ పెడతాను.