సాల్ అడవిలో పుట్టగొడుగులు: ఫోటోతో జాతి తేలుతుందా?

అడవిబాట: వానాకాలం మొదట్లో ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ సంతకు వెళ్లాను. బోడా అనే పుట్టగొడుగులను రాశులు పోసి అమ్ముతున్నారు. సాల్ (గుగ్గిలం) చెట్ల కింద మట్టి గీకి ఏరుతారట. వాటి పక్కనే పేరు తెలియని గొడుగులు ఎన్నో. అన్నింటికీ ఫోటోలు తీశాను. జాతులు తేల్చగలరా?

బీజాణువు: పైనుంచి తీసిన ఫోటోతో కష్టమండీ. గొడుగు కింది రేకులు, కాడ మొదలు, పక్కనున్న చెట్టు కూడా కావాలి. అడవిలో కాడను తుంచకుండా చాకుతో మొదలంటా తవ్వి తీయండి. అమనిటా అనే విషపు గొడుగులను పట్టిచ్చే సంచి కాడ మొదట్లో, మట్టిలోనే ఉంటుంది. తర్వాత గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. విత్తనాల్లాంటి బీజాణువులు పొడిలా రాలతాయి, ఆ రంగు జాతిని పట్టిస్తుంది. పచ్చిక మీద తెల్లగా ముచ్చటగా మొలిచే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైట్స్ అనే గొడుగు ఆకుపచ్చ పొడి రాలుస్తుంది. తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు తప్పవు.

కొండవాగు: మా పాడేరు వైపు పుట్టల మీద మొలిచే వాటికే గిరాకీ. చెదపురుగులు పుట్ట లోపల పెంచే టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం అది. పుట్ట తవ్వేస్తే ఇక అక్కడ మొలవదు. అందుకే మా పెద్దలు పుట్టను కదపనివ్వరు, పైకొచ్చింది మాత్రమే కోస్తారు. అడవిని కాపాడాలంటూ పుట్టలను చదును చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

నల్లమట్టి: ఏరడం వల్ల పుట్టగొడుగులు తగ్గిపోతాయని కొందరంటారు, అది అతిశయోక్తి. స్విట్జర్లాండ్ అడవిలో 1975 నుంచి 2003 వరకు ఏరుతూ చూశారు, తర్వాతి దిగుబడి తగ్గలేదు. మొలిచే గొడుగుల సంఖ్యను తగ్గించింది కాళ్ల తొక్కిడే.

బీజాణువు: ఆ అధ్యయనం నిజమే, కానీ బోడాకు అతకదు. లోపల తెల్లగా, లేతగా ఉన్నప్పుడే దాన్ని తింటారు. బీజాణువులు పండకముందే గంపకెక్కుతుంది. పైగా అది సాల్ వేళ్లతో కలిసి బతికేది, చెట్టు పోతే అదీ పోతుంది. ఉత్తర థాయ్‌లాండ్‌లో దాని దగ్గరి చుట్టాలు బాగా మొలుస్తాయని ఆకులకు నిప్పు పెడతారు.

అడవిబాట: మరి రక్షణ జాబితాలో ఇవి ఉన్నాయా?

బీజాణువు: పేరు పెట్టిన శిలీంధ్రాలు లక్షన్నరకు పైనే. ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ఎర్ర జాబితాలో వీటి సంఖ్య వెయ్యి దాటింది 2025లో. నమూనా లేనిదే అంచనా వేయలేరు. ఆరబెట్టి, తేదీ, చోటు, చెట్టు రాసి పెట్టండి. పుణె అఘార్కర్ సంస్థలో శిలీంధ్రాల సంగ్రహాలయం ఉంది. రిజర్వు అడవిలో ఏరాలంటే ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి. సంతలో కొంటే, ఏ చెట్టు కింద దొరికిందో అమ్మినామెను అడిగి రాసుకోండి.