రద్దీలో ఆగినప్పుడే వేడెక్కుతున్న పాత టర్బో కూపే: రేడియేటర్ మార్చాలా?

ప్రశ్న అడిగినవారు: నల్లకూపే

అందరికీ నమస్కారం. 1990ల మొదట్లో తయారైన టర్బో కూపే ఒకటి నా దగ్గర ఉంది. వరుసగా ఆరు సిలిండర్లు, ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, ఇంజన్ తిప్పే విస్కస్ క్లచ్ ఫ్యాను (చిక్కటి ద్రవంతో పట్టు పెంచి తగ్గించే క్లచ్ ఉన్నది). రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటకు వదిలే జాలీ), దానికీ ముందు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీటరు ముల్లు ఎప్పుడు చూసినా మధ్యలోనే నిలబడి ఉండటంతో నమ్మకం కుదరక, థర్మోస్టాట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) హౌసింగ్ దగ్గర వేరే సెన్సర్ పెట్టించి, అంకెల్లో చూపే మీటరు బిగించుకున్నాను.

ఖాళీ రోడ్డు మీద నిలకడగా వెళ్తున్నంతసేపు అది 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఏసీ వేసుకుని రద్దీలో చిక్కుకుంటే మాత్రం మెల్లగా ఎక్కుతూ 106 దాకా పోతుంది, బండి కదిలి కాస్త వేగం అందుకోగానే మళ్ళీ దిగిపోతుంది. పొడవైన ఎత్తు మీద బూస్టుతో (టర్బో ఇంజన్‌లోకి నెట్టే అదనపు గాలితో) లాగిస్తే 98 దగ్గర ఆగుతుంది. కూలెంట్ తగ్గడం లేదు, ఆయిల్‌లో నీరు కలిసిన జాడ కూడా లేదు. బండి చూసిన మెకానిక్ థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టేయమనీ, మందమైన అల్యూమినియం రేడియేటర్ వేయించమనీ సలహా ఇచ్చారు. ఆ ఖర్చు పెట్టే ముందు అనుభవజ్ఞుల మాట వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

జవాబు: పానాపట్టు

మీరు ఇచ్చిన అంకెల్లోనే సగం జవాబు ఉందండీ. వేడి ఎంత ఎక్కుతోందన్న దానికన్నా ఎప్పుడు ఎక్కుతోందన్నది ముందు చూడాలి. ఆగినప్పుడు ఎక్కి, కదిలితే దిగుతోందంటే రేడియేటర్ గుండా గాలి చాలడం లేదని అర్థం. అలా కాక వేగం పెరిగేకొద్దీ ఎక్కుతూ పోయేదైతే, రేడియేటర్ గొట్టాలు పూడుకున్నాయా, వాటర్ పంప్ రెక్కలు తిన్నాయా, కింది హోస్ పైపు పీల్పుకు నొక్కుకుపోతోందా అని వెతకవలసి వచ్చేది. మీ బండి నిలకడ వేగంలో 88 దగ్గర నిలుస్తోంది కనుక రేడియేటర్ మీదా పంపు మీదా అనుమానం పెట్టుకోవలసిన పని ప్రస్తుతానికి లేదు. పైగా రేడియేటర్ కోర్ (గొట్టాలూ సన్నని రెక్కలూ ఉన్న మధ్య భాగం) మందం పెరిగితే దాని గుండా గాలిని లాగడం ఫ్యానుకు మరింత కష్టమవుతుంది. మీ జబ్బు గాలి లేకపోవడమైనప్పుడు ఆ మందు దాన్ని పెంచినా పెంచవచ్చు.

ముందుగా ఫ్యాను క్లచ్ చూడండి. దాని ముఖం మీద, రేడియేటర్ వైపు, చుట్టలా చుట్టిన చిన్న లోహపు పట్టీ కనిపిస్తుంది. రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడెక్కినప్పుడు ఆ పట్టీ మెలి తిరిగి లోపలి వాల్వు తెరుస్తుంది, సిలికోన్ ద్రవం పని చేసే గదిలోకి వచ్చి ఫ్యానును పట్టుకుంటుంది. మంచి క్లచ్ ఉన్న బండిలో ఇంజన్ బాగా వేడెక్కాక ఫ్యాను హోరు స్పష్టంగా పెరుగుతుంది. మీ మీటరు 100 దాటినప్పుడు కూడా ఆ హోరు వినిపించకపోతే క్లచ్ పట్టుకోవడం లేదన్నమాట. ఆ వేడిలోనే ఇంజన్ ఆపి, తాళం చేతిలోకి తీసుకుని, ఫ్యాను పూర్తిగా ఆగాక రెక్కను చేత్తో తిప్పి చూడండి. బరువుగా కదిలి వెంటనే ఆగితే సరే; అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే అందులో ద్రవం మిగల్లేదు. క్లచ్ వెనుక భాగంలో మధ్య నుంచి అంచుల వైపు చిమ్మినట్టు జిడ్డు చారలు, వాటి మీద అతుక్కున్న దుమ్ము కనిపించినా అదే అర్థం. ఒక జాగ్రత్త: రేడియేటర్‌లో కూలెంట్ సరిగా తిరగకపోతే దాని గుండా వచ్చే గాలి వేడెక్కదు, అప్పుడు మంచి క్లచ్ కూడా పట్టుకోదు. అందుకే క్లచ్‌ను తప్పుపట్టే ముందు పై హోస్ పైపు, కింది హోస్ పైపు రెండూ వేడెక్కుతున్నాయో లేదో చూడాలి.

ఆ తరువాత గాలి దారి. ఈ వయసు కార్లలో ఎక్కువ మంది పట్టించుకోనిది ఇదే. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య, రేడియేటర్‌కూ బాడీకీ మధ్య, కంపెనీ ఫోమ్ పట్టీలు పెడుతుంది. ముప్ఫై ఏళ్ళకు అవి పొడిపొడిగా రాలిపోతాయి. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది కాబట్టి రేడియేటర్ గుండా రావలసినది పక్క సందుల్లోంచి జారిపోతుంది. అంతకన్నా చెడ్డ సంగతి, బండి ఆగి ఉన్నప్పుడు ఫ్యాను వెనక్కి నెట్టిన వేడి గాలే అవే సందుల్లోంచి ముందుకు తిరిగి వచ్చి మళ్ళీ రేడియేటర్‌లోకి పోతుంది. మీరు చెప్పిన లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోతాయి. ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు (ష్రౌడ్) పగిలినా, ఎవరో సర్వీసింగులో తీసి మళ్ళీ పెట్టకపోయినా ఫ్యాను తన రెక్కల ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, కోర్ మూలలన్నీ వృథా. ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయి ఉంటే అది కూడా తిరిగి వేయించండి. దాన్ని దుమ్ము కోసం పెట్టిన మూత అనుకుంటారు గానీ, వేగంలో రేడియేటర్ వెనుక ఒత్తిడి తగ్గించి గాలి బయటకు పోయేలా చేయడంలో దాని పాత్ర పెద్దది.

చివరగా, రేడియేటర్ పై బ్రాకెట్లు వదులు చేసి కాస్త వెనక్కి వంచి, కండెన్సర్‌కూ దానికీ మధ్య టార్చి వేసి చూడండి. ముందు నుంచి శుభ్రంగా కనిపించే కోర్ వెనుక పొరలో ఎండుటాకులు, పురుగులు, దూది లాంటి దుమ్ము పేరుకుని ఉండటం మామూలే. నీటిని ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

జవాబు: ఆవిరిలెక్క

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూ, థర్మోస్టాట్ గురించి కాస్త వివరంగా రాస్తాను. అది తీసేయమన్న సలహా దయచేసి పాటించకండి.

థర్మోస్టాట్ ఇంజన్‌కు కనీస ఉష్ణోగ్రతను మాత్రమే నిర్ణయిస్తుంది. 82 దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టేది అంతకు పది పదిహేను డిగ్రీలు పైన పూర్తిగా తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ఉష్ణోగ్రత ఎక్కడ నిలవాలన్నది రేడియేటర్, గాలి, ఇంజన్ పుట్టించే వేడి కలిసి తేల్చుకుంటాయి. కాబట్టి మీ మీటరు 106 చూపుతున్నప్పుడు 71 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్నా, 88 డిగ్రీలది ఉన్నా రెండూ పూర్తిగా తెరిచే ఉంటాయి, ఫలితంలో తేడా రాదు. చల్లటి థర్మోస్టాట్ వల్ల వచ్చేదల్లా చల్లటి ప్రయాణాల్లో నష్టం: ఇంజన్ ఇంకా వేడెక్కలేదని కంప్యూటర్ అదనపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోదు.

పూర్తిగా తీసేస్తే ఇంకో ఇబ్బంది ఉంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు పళ్ళేలు ఉంటాయి. వేడెక్కినప్పుడు మొదటిది రేడియేటర్ దారి తెరుస్తుంటే, రెండోది బైపాస్ దారి (కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరిగే అడ్డదారి) మూస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉండి, వేడి కూలెంట్‌లో ఒక భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి పోతుంది. అలా తీసేశాక బండి ఇంకా వేడెక్కితే, నీరు మరీ వేగంగా పోవడం వల్ల రేడియేటర్‌లో చల్లబడటానికి సమయం దొరకలేదని చెబుతారు. అది సరైన కారణం కాదు. నీరు నెమ్మదిగా వెళ్తే ప్రతి లీటరూ ఎక్కువ చల్లబడే మాట నిజమే, కానీ అదే సమయంలో వెళ్ళే లీటర్లు తగ్గుతాయి, రేడియేటర్ సగటు ఉష్ణోగ్రత కూడా తగ్గి గాలికి ఇచ్చే మొత్తం వేడి తగ్గుతుంది. అసలు కారణం ఆ తెరిచి ఉన్న బైపాస్. దానికి తోడు థర్మోస్టాట్ ఇరుకు వల్ల బ్లాకులో ఏర్పడే అదనపు ఒత్తిడి కూడా పోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల చుట్టూ నీరు ఆవిరి పొరగా మారకుండా ఆపడంలో ఆ ఒత్తిడికి భాగముంది.

ఆ ఆవిరి పొరే ప్రమాదకరం. లోహానికీ నీటికీ మధ్య ఆవిరి చేరితే వేడి దాటదు, మీటరు మామూలుగానే చూపుతుండగా హెడ్‌లో ఒక మూల కాలిపోతుంటుంది. అందుకే రేడియేటర్ క్యాప్‌ను చిన్న వస్తువుగా చూడకూడదు. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్ మామూలు వాతావరణ పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే క్యాప్ ఒత్తిడి పట్టకపోతే మీ 106 నిజంగానే అంచు. క్యాప్ 1 బార్ (ఇంచుమించు వాతావరణ పీడనమంత) అదనపు ఒత్తిడి పట్టి ఉంచితే మరిగే ఉష్ణోగ్రత 125 దాటిపోతుంది. క్యాప్‌నూ మొత్తం వ్యవస్థనూ ప్రెషర్ టెస్టర్‌తో ఒకసారి పరీక్షించండి.

మిశ్రమం విషయంలో మాత్రం గ్లైకాల్ ఎక్కువైతే మంచిదన్న భ్రమ వద్దు. వేడిని మోయడంలో నీటికి మించినది లేదు. గ్లైకాల్ గడ్డకట్టకుండా, మరిగే స్థానం పెరిగేలా చూస్తుంది, దానితో వచ్చే రసాయనాలు తుప్పును ఆపుతాయి. రెండో ప్రపంచ యుద్ధపు విమానాల్లో పేరుపొందిన రోల్స్-రాయిస్ మెర్లిన్ ఇంజన్ మొదట శుద్ధ గ్లైకాల్‌తోనే నడిచి, తరువాత 70 శాతం నీరు, 30 శాతం గ్లైకాల్ కలిపి ఒత్తిడిలో నడిపే పద్ధతికి మారింది. గడ్డకట్టే చలి లేని చోట ఆ పాళ్ళు కార్లకూ బాగానే సరిపోతాయి. నీరు డిస్టిల్డ్ అయి ఉండాలి, రంగు చూసి రెండు రకాల కూలెంట్లు కలపకూడదు. ఉపరితల తన్యత తగ్గిస్తామంటూ సీసాల్లో అమ్మే ద్రవాలు కొంత మేలు చేయవచ్చు గానీ, లేని గాలిని తెచ్చిపెట్టవు.

జవాబు: రాత్రిషిఫ్టు

పై ఇద్దరూ చెప్పినవి చేసే ముందు ఒక తేలికైన పరీక్షతో హెడ్ గాస్కెట్ (బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందన్న అనుమానాన్ని పక్కన పెట్టేయండి. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూతి మీద పెట్టి గాలి పీల్చే లీక్ టెస్టర్‌లో నీలం ద్రవం ఉంటుంది, దహన వాయువులు కలిస్తే అది పసుపుగా మారుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడినా అనుమానించాలి, ఎందుకంటే అంత త్వరగా వేడి వల్ల ఒత్తిడి రాదు.

ఈ పనుల్లో కూలెంట్ వంపితే, నింపేటప్పుడు బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, హీటరు పూర్తి వేడిలో ఉంచి, బ్లీడ్ స్క్రూ నుంచి బుడగలు లేని ధార వచ్చేదాకా గాలి తీయండి. లోపల చిక్కిన గాలి సెన్సర్ చుట్టూ చేరితే మీరు చదివే అంకెలకు అర్థమే ఉండదు.

మరమ్మతు పూర్తయ్యేలోపు రద్దీలో 110 దాటితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, ఇంజన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. మీ ఫ్యానూ పంపూ రెండూ ఇంజన్ వేగంతోనే తిరుగుతాయి కదా. అయినా ఎక్కుతూనే ఉంటే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. చల్లారకముందు క్యాప్ జోలికి పోవద్దు.

నల్లకూపే తిరిగి రాశారు

అందరికీ ధన్యవాదాలు. గాస్కెట్ పరీక్షలో ద్రవం నీలంగానే ఉంది. క్యాప్ ఒత్తిడి పట్టడం లేదని తేలింది, కొత్తది వేశాను. వేడి ఇంజన్ ఆపి ఫ్యానును తిప్పితే పానాపట్టు గారు చెప్పినట్టే అడ్డు లేకుండా తిరిగింది. రేడియేటర్ పక్కల ఫోమ్ వేలితో తాకితే నల్లటి పొడిగా రాలింది, కింది అంచున అసలు లేనే లేదు. క్లచ్ మార్చి, సన్నని రంధ్రాలున్న కొత్త ఫోమ్ పట్టీలు నాలుగు వైపులా అతికించి, కండెన్సర్ వెనుక చెత్త కడిగించాను. ఇప్పుడు ఏసీ వేసుకుని అదే రద్దీలో 95 దాటడం లేదు, 92 దగ్గరే ఫ్యాను హోరు మొదలవుతోంది. ఎత్తు మీద మాత్రం ఇప్పటికీ 97, 98 చూపుతోంది. దానికోసం ఎలక్ట్రిక్ ఫ్యాన్లకు మారడం మంచిదా?

జవాబు: పానాపట్టు

ఎత్తు మీద 98 దాకా పోయి, దిగేటప్పుడు వెంటనే తగ్గుతోందంటే ఆ వయసు టర్బో ఇంజన్‌కు అది భయపడవలసిన అంకె కాదు. బూస్టు మీద ఇంజన్ కాల్చే పెట్రోలు ఎక్కువ, అందులో ఇంచుమించు మూడో వంతు వేడిగా కూలెంట్‌లోకే వస్తుంది. ఆపైన ఇంటర్‌కూలర్ దాటి వచ్చిన గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. ఆ వేగంలో గాలిని తెచ్చేది బండి కదలిక, ఫ్యాను కాదు. కనుక ఎలక్ట్రిక్ ఫ్యాన్ల వల్ల ఎత్తు మీద లాభం ఉండదు, కోర్ మొత్తం కప్పే ష్రౌడ్‌కు గాలి తోసుకుపోయే రబ్బరు తలుపులు లేకపోతే నష్టం కూడా ఉంటుంది. ఇప్పుడు సరిగా పని చేస్తున్న కంపెనీ ఫ్యానును ముట్టుకోకండి.

ఎత్తు మీద ఇంకా తగ్గించాలనుకుంటే ఇగ్నిషన్ టైమింగ్‌నూ (నిప్పురవ్వ పడే సమయాన్నీ) గాలి-పెట్రోలు మిశ్రమాన్నీ చూపించండి. టైమింగ్ వెనక్కి జరిగితే దహనం ఆలస్యమై ఎగ్జాస్ట్ పోర్టుల నుంచి హెడ్‌కు ఎక్కువ వేడి చేరుతుంది. నాక్ సెన్సర్ (ఇంజన్‌లో అసహజ దహనపు తట్టుడును పసిగట్టేది) సంకేతంతో కంప్యూటర్ దానంతట అదే టైమింగ్ వెనక్కి జరుపుతున్నా మీకు తెలియదు. ఆ పని అయ్యాక ఆయిల్‌కు కూడా ఒక ఉష్ణోగ్రత మీటరు పెట్టుకోండి. ఎత్తు మీద ఆయిల్ 120 దాటి అక్కడే నిలబడుతుంటే ఆయిల్ కూలర్ ఆలోచించవచ్చు. అది థర్మోస్టాట్ ఉన్నదై ఉండాలి, రేడియేటర్ ముందు కాకుండా బంపరు పక్క గాలి రంధ్రం వెనుక బిగించాలి, లేకపోతే ఆయిల్ నుంచి తీసిన వేడి మళ్ళీ కూలెంట్‌లోకే చేరుతుంది.